కూర్చుని తినే కారు

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలన్నారు. ఆ మాట మనుషుల్ని ఉద్దేశించి అన్నది. అందులోనూ అత్తవారింట్లో తిష్ఠ వేసిన అల్లుళ్ళని ఉద్దేశించి అన్నదని మా వీధిలో ఒక వాదం ఉంది. కానీ ఆ సామెత అచ్చంగా అమిరేది షెడ్డులో నిలబెట్టిన పాత కారుకేనని నేనంటాను.

ఎద్దుని కొట్టంలో కట్టేస్తే, అది పని చేసినా చెయ్యకపోయినా గడ్డి వెయ్యాలి. గుర్రం సంగతీ అంతే. కారుకి ఆ పేచీ లేదు, తాళం తీసి జేబులో వేసుకుంటే నోరు మూసుకుని పడి ఉంటుంది కదా అని మనం మురిసిపోతాం. పెట్రోలు తాగదు, నిజమే. టైరు అరగదు, అదీ నిజమే. కానీ బానెట్టు కింద ఒక మూల, నల్ల డబ్బాలో, దాచిపెట్టిన ఆస్తి ఒకటుంది. కారు నిలబడ్డ రోజు నించీ ఆ ఆస్తి మీద పడి తినేవాళ్ళు బయల్దేరతారు. చప్పుడు చెయ్యరు. చెయ్యి కడుక్కోరు. మూడు వారాలు పోయాక మీరు ఉత్సాహంగా వెళ్ళి సెల్ఫ్ కొడితే బండి "టిక్" అని ఒక్క మాటంటుంది. అయ్యా, కొండ కరిగిపోయింది అని దానర్థం.

ఈ విషయంలో నాకింత జ్ఞానోదయం కలగడానికి కారణం మా బాబాయి కారు.

బాబాయిది పాలకొల్లు. కారు 1978 నాటి అంబాసిడర్, మార్క్ త్రీ, మీగడ రంగు. అంబాసిడర్ గురించి ఈ పత్రిక చదివేవారికి నేను చెప్పేదేముంది! ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే పేరుతో పుట్టి, కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందూస్థాన్ మోటార్స్ వారింట పెరిగి, 1950ల చివరి నించి 2014 దాకా ఇంచుమించు ఒకే మొహంతో నెగ్గుకొచ్చిన బండి. పెళ్ళికొడుకునీ, పురిటికి వెళ్ళే కూతుర్నీ, మంత్రిగారినీ ఒకే మర్యాదతో కూర్చోబెట్టుకుంది. బాబాయి కారు కూడా నలభై ఏళ్ళ పైచిలుకు ఆ పనులన్నీ చేసింది, మంత్రిగారు తప్ప.

బాబాయి పోయి నాలుగేళ్ళయింది. అప్పట్నించీ కారు పెరట్లో రేకుల షెడ్డులో ఉంది. పెద్దవాడు పూణేలో, చిన్నవాడు అమెరికాలో, కూతురూ అల్లుడూ హైదరాబాదులో. ఇంట్లో పిన్ని ఒక్కర్తే. రెండేళ్ళలో మూడు బ్యాటరీలు మార్చారు. కొత్తది వేసిన రోజు బండి ఉరుముతుంది. నెల తిరిగేసరికి "టిక్". చివరికి పిల్లలు ఫోన్లోనే సభ చేసి తీర్మానించేశారు. "అమ్మా, బండి ప్రాణం పోయింది. సంక్రాంతికి అందరం వస్తున్నాం. అప్పుడు ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నారు. ఆ "ఎవరికైనా" అనేవాడు అప్పటికే వచ్చి చూసుకుని వెళ్ళాడు. పాత ఇనుము వ్యాపారం. తూకం లెక్కన కొంటానన్నాడట.

పిన్ని వాళ్ళతో ఏమీ అనలేదు. నాకు ఫోను చేసింది. "ఒరేయ్ అబ్బాయీ, ఆయన చేతిలో ఒక్కరోజు మొరాయించని బండి, ఆయన పోగానే ఎందుకు పోతుందిరా? నాకు నమ్మకం కుదరడం లేదు. తూకానికి వెయ్యడానికి అదేమైనా చింతపండా? ఒక్కసారి వచ్చి, ఎవరైనా తెలిసినవాణ్ణి తీసుకొచ్చి చూపించు" అంది.

సంక్రాంతి ఇంకా పది రోజులుంది. వెళ్ళాను.

నేను వెళ్ళేసరికే ఇంట్లో ముద్దాయి తేలిపోయాడు. డాష్‌బోర్డులో బాబాయి పెట్టించుకున్న గడియారం. కారుతోపాటు వచ్చింది కాదు. ఆయన ముచ్చటపడి తరవాత బిగించుకున్నది. తాళం తీసినా, తలుపులేసినా, రాత్రీ పగలూ అది ఆడుతూనే ఉంటుంది. షెడ్డు పక్కన తులసికోట దగ్గర నించుంటే టిక్కుటిక్కుమని వినిపిస్తుంది. "కరెంటు తినేస్తున్నది అదే. పీకి పారేయించమ్మా" అని పెద్దకొడుకు పూణే నించి తీర్పు చెప్పేశాడు. పిన్నికి మనసొప్పలేదు. రోజూ దీపం పెట్టడానికి తులసికోట దగ్గరికి వచ్చినప్పుడు ఆ చప్పుడు వింటుంది. అంతకంటే ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు.

బస్టాండు దగ్గర కార్ల కరెంటు పని చేసే మేస్త్రీ ఒకాయన్ని తీసుకొచ్చాను. అరవై ఏళ్ళుంటాయి. అంబాసిడర్‌ని చూడగానే చెప్పులు షెడ్డు బయట విప్పాడు. బ్యాటరీ మీద మీటరు పెడితే 11.6 వోల్టులు చూపించింది. "నిండు కుండైతే 12.6 ఉండాలండీ. ఇది అడుగంటిపోయింది, ఆయ్" అన్నాడు. బ్యాటరీ విప్పి, షాపుకి పట్టుకెళ్ళి, రెండు రోజులు నెమ్మదిగా చార్జింగుకి పెట్టి మూడో రోజు తెచ్చాడు. అసలు విచారణ అప్పుడు మొదలైంది.

విప్పేటప్పుడు గానీ బిగించేటప్పుడు గానీ ఆయన ఒక వరస పాటించాడు. విప్పేటప్పుడు ముందు మైనస్, తరవాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, ఆఖరికి మైనస్. ఇందులో శాస్త్రం ఉంది. ఇలాంటి కార్లకి ఒళ్ళంతా మైనస్సే. మైనస్ తగిలించి ఉండగా ప్లస్ విప్పబోయి, చేతిలో పానా జారి ఏ ఇనుముకో ఆనిందంటే బ్యాటరీలో ఉన్న శక్తంతా ఆ పానాలోంచి పోతుంది. నిప్పులు రాలతాయి. ముందే మైనస్ తీసేస్తే పానా ఎక్కడ తగిలినా భయం లేదు.

అంతా బిగించి, తాళం తీసేసి, తలుపులన్నీ వేసి, ఆ ఆఖరి మైనస్ తీగకీ బ్యాటరీకీ మధ్య గోరంత బల్బు ఒకటి కలిపాడు. బల్బు వెలిగింది.

"చూశారాండీ? ఈ బండి కంపెనీ నించి వచ్చినప్పుడు తాళం తీశాక చుక్క కరెంటు లాగేది కాదు. ఇప్పుడు బల్బు వెలుగుతోందంటే లోపల ఎవరో భోజనం చేస్తున్నారన్నమాట" అన్నాడు.

నేటి కొత్త కార్లకయితే ఈ పరీక్ష వేరు. వాటి కడుపులో కంప్యూటర్లుంటాయి. తాళం తీశాక కూడా కాస్త కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. అది 50 మిల్లీఆంపియర్ల లోపుంటే దోషం కాదంటారు. అయితే వాటిని రోజూ నడుపుతారు, తిన్నది మళ్ళీ నిండుతుంది. నలభై ఏళ్ళనాటి అంబాసిడర్‌కి కంప్యూటరూ లేదు, గిటారూ లేదు. తాళం తీస్తే సున్నా చూపించాలి. మేస్త్రీ బల్బు తీసి మీటరు పెడితే 90 చూపించింది.

ఇక దొంగల్ని పట్టాలి. బానెట్టు కింద చెయ్యి పెట్టి తడిమి, కంపెనీ వైరింగుతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీ దగ్గరికి వచ్చి వేలాడుతున్న తీగల్ని ఒక్కొక్కటీ పైకి తీశాడు. నాలుగున్నాయి. ఒక్కొక్కటే విప్పుతూ మీటరు చూస్తూ వచ్చాడు.

మొదటిది చిన్నకొడుకు తెచ్చిన స్టీరియో. బాబాయి ఉన్నప్పుడే, నాన్నగారు పాటలు వింటారని అమెరికా నించి మోసుకొచ్చాడు. అది పాడకపోయినా, తనకి చెప్పిన స్టేషన్లు మర్చిపోకుండా గుర్తుంచుకోవడానికి కరెంటు కావాలి. అది విప్పగానే 90 కాస్తా 60 అయింది.

రెండోది అల్లుడు పెట్టించిన దొంగల అలారం. బాబాయి పోయాక, అత్తగారు ఒంటరిగా ఉంటారని, రాత్రిళ్ళు ఎవరూ కారు జోలికి రాకుండా బిగించాడు. అద్దం దగ్గర ఎర్ర దీపం ఒకటి మినుకుమంటూ ఉంటుంది. అది విప్పితే 60 కాస్తా 20కి దిగింది. నలుగురిలోనూ పెద్ద దొంగ దొంగల్ని పట్టడానికి పెట్టినదే! ఇటువంటి న్యాయం లోకంలో కొత్త కాదు గనక మేం పెద్దగా ఆశ్చర్యపోలేదు.

మూడోది మనవడు సెలవులకి వచ్చినప్పుడు పెట్టించుకున్న సెల్‌ఫోన్ చార్జరు. నీలం దీపంతో షెడ్డులో ఎవరి ఫోన్ కోసమో ఎదురుచూస్తోంది. అది విప్పితే 5.

మిగిలిన ఆ 5 గడియారం.

పిన్ని గుమ్మంలోంచి అంతా చూస్తోంది. "అంటే గడియారం కాదా నాయనా?" అంది.

"గడియారం పాపం ఏం తింటదండీ అమ్మగారూ, పిట్ట తిన్నంత. చప్పుడు చేస్తోంది గనక అందరూ దాని మీద పడ్డారు" అన్నాడు మేస్త్రీ.

ఆ పూట కాగితం మీద లెక్క వేసి పిన్నికి చూపించాను. మీకూ చెబుతాను. లెక్క కష్టమైనది కాదు. ఆ బ్యాటరీ మీద 60 ఆంపియర్-అవర్లని రాసి ఉంది. గంటకో ఆంపియరు చొప్పున అరవై గంటలు ఇవ్వగలదని సామాన్యంగా మనం అర్థం చేసుకోవచ్చు. 90 మిల్లీఆంపియర్లంటే ఆంపియర్లో పదో వంతు కూడా కాదు. కానీ రోజుకి 24 గంటలు. 90ని 24తో హెచ్చవేస్తే 2,160 మిల్లీఆంపియర్-అవర్లు, అంటే రోజుకి రెండు ఆంపియర్-అవర్ల పైచిలుకు. రెండు వారాలకి బ్యాటరీ సగమైపోతుంది. నాలుగు వారాలకి ఖాళీ. అదే గడియారం ఒక్కటీ అయితే రోజుకి 120 మిల్లీఆంపియర్-అవర్లు. 60 అయిపోవడానికి 500 రోజులు పడుతుంది.

అయితే ఎవరూ తినకపోయినా బ్యాటరీ నిండుగానే ఉంటుందా అంటే, ఉండదు. దానంతటది నెలకి నూటికి నాలుగైదు పాళ్ళు తరుగుతుంది. వేడి ఎక్కువైతే ఆ తరుగూ ఎక్కువవుతుంది. సుమారు పది డిగ్రీలు పెరిగితే రెట్టింపవుతుందని లెక్క. రోహిణి కార్తెలో మన రేకుల షెడ్డు సంగతి చెప్పాలా!

అసలు చిక్కు ఖాళీ కావడం కాదు, ఖాళీగా ఉండిపోవడం. ఈ సీసం బ్యాటరీని 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచివాడు కనిపెట్టాడు. పెట్టెలు మారాయి గానీ అందులో జరిగే వ్యవహారం ఇప్పటికీ అదే. సీసం పలకలూ, వాటి చుట్టూ గంధకామ్లమూ. కరెంటు ఇస్తున్నకొద్దీ ఆ ఆమ్లంలోని సారం పలకల మీద సీసపు సల్ఫేటుగా పేరుకుంటుంది, మిగిలింది నీళ్ళవుతుంది. వెంటనే చార్జింగుకి పెడితే ఆ పేరుకున్నది కరిగి మళ్ళీ ఆమ్లంలో కలుస్తుంది. వారాలూ నెలలూ వదిలేస్తే అది గట్టిపడి పెచ్చుకడుతుంది. అప్పుడిక ఎంత చార్జింగు పెట్టినా కొంత భాగం తిరిగి రాదు. పిన్ని ఇంట్లో మూడు బ్యాటరీలు చచ్చింది వయసు మీరి కాదు, పస్తులుండి.

"మరి పక్కింటబ్బాయి ఆదివారం ఆదివారం వచ్చి అయిదు నిమిషాలు స్టార్టు చేసి వెళ్తున్నాడుగా?" అని పిన్ని అడిగింది. నేనూ అదే అడుగుదామనుకున్నాను. మేస్త్రీ నవ్వాడు. "అది భోజనం పెట్టడం కాదండీ, ప్రసాదం పెట్టడం. వారానికి పదిహేను తింటుంటే అయిదు నిమిషాల్లో అర కూడా రాదు. నించున్న బండిలో ఇంజను సరిగ్గా వేడెక్కదు కూడాను. సైలెన్సర్లో నీళ్ళు చేరి తుప్పు పడతాది. తీస్తే గంటసేపు రోడ్డు మీద తిప్పాలండీ. లేదంటే అసలు ముట్టుకోకూడదు" అన్నాడు.

పాత రోజుల్లో ఇంత ఇబ్బంది లేదు. ముందు హ్యాండిలు దోపి తిప్పేవారు. సెల్ఫ్ తిప్పడానికి ఓపిక లేని బ్యాటరీకి కూడా నిప్పురవ్వ పుట్టించేపాటి ఓపిక ఉండేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఆయన చేసిన సెల్ఫ్‌ని 1912లో కాడిలాక్ కార్లకి పెట్టాక, కారు యావత్తూ ఆ నల్ల డబ్బా దయ మీద ఆధారపడింది. తొయ్యండి, స్టార్టవుతుంది అంటారు. పాత డైనమో తీసి ఆల్టర్నేటర్ వేయించుకున్న బండి, బాబాయి కారులాంటిది, బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే వీధంతా కలిసి తోసినా లేవకపోవచ్చు. ఆల్టర్నేటర్‌కి తను కరెంటు పుట్టించడం మొదలు పెట్టడానికే ముందు కాస్త కరెంటు కావాలి. అప్పు పుట్టాలంటే ముందు చేతిలో నాలుగు డబ్బులు కనిపించాలి కదా, అలాగన్నమాట.

ఇంతలో మేస్త్రీ అలారం తీగ చేతిలోకి తీసుకుని మాకు చూపించాడు. ఒకచోట పైతొడుగు లేదు. ఎలక కొరికింది. రాగి తీగ బయటపడి, పక్కనే ఉన్న ఇనుముకి వేలెడు దూరంలో ఉంది. ఆ తీగకి ఎక్కడా ఫ్యూజు లేదు. "ఇది ఆ ఇనుముకి ఆనితే బ్యాటరీ పోయేది కాదండీ. బండే పోను. షెడ్డులో కట్టెలు కూడా ఉన్నాయి, ఆయ్" అన్నాడు. కట్టెల వెనకాలే వంటింటి గోడ. పిన్ని ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళి ఆయనకి కాఫీ తెచ్చింది.

ఇప్పుడేం చెయ్యాలి? సులభమైన మార్గం, కదలని బండికి మైనస్ తీగ విప్పి పక్కన పెట్టడం. డబ్బు ఖర్చు లేదు. రెండోది, లారీలకి ఉన్నట్టు బ్యాటరీకి ఒక కటాఫ్ స్విచ్చి పెట్టడం. తిప్పితే అందరి భోజనం బందు. కానీ అందరిదీ అంటే గడియారానిదీ.

మేస్త్రీ పిన్ని మొహం చూశాడు. "ఒక పని చేత్తానండీ. మిగతావన్నీ స్విచ్చి అవతలే ఉంటాయి. గడియారానికి మాత్రం స్విచ్చి పక్క నించి సన్న తీగ వేసి, మధ్యలో ఒక ఆంపియర్ ఫ్యూజు పెడతాను. స్విచ్చి తీసినా అది ఆడుతుంది. ఎవరైనా స్విచ్చి మర్చిపోయి సెల్ఫ్ కొడితే ఆ చిన్న ఫ్యూజు పోతుంది గానీ తీగ కాలదు. నెలకోసారి నేనొచ్చి చార్జింగు పెట్టిపోతాను" అన్నాడు.

స్టీరియోకీ చార్జరుకీ ఫ్యూజులు వేసి తాళంతో కలిపాడు. తాళం పెడితేనే వాటికి నోరు తెరిచే హక్కు. అలారం పిన్ని పీకించేసింది. "ఇంట్లో మనిషిని నేనున్నాగా" అంది. చార్జింగు పెట్టిన బ్యాటరీ 12.5 దగ్గర ఆగిపోయింది. ఇదివరకటి పస్తులు దాని ఆయుష్షులో ఒక ఏడాది తినేశాయని మేస్త్రీ అంచనా. అయినా సెల్ఫ్ కొడితే మొదటి దెబ్బకే ఇంజను లేచింది. షెడ్డు రేకుల మీద పావురాలన్నీ ఎగిరిపోయాయి.

పండక్కి పిల్లలొచ్చారు. ఇనుము వ్యాపారి కూడా భోగి మర్నాడు ఫోను చేశాడు. పెద్దకొడుకు ఫోను తీసుకుని "ఇప్పుడు కాదులెండి" అని పెట్టేశాడు. ఆ రెండు మాటలకి ముందు వాడు లెక్క రాసిన కాగితం రెండుసార్లు చదివి, షెడ్డులోకి వెళ్ళి చాలాసేపు ఉండి వచ్చాడు. చిన్నవాడు స్టీరియో తిప్పి చూసి, "అమ్మా, ఇది స్టేషన్లన్నీ మర్చిపోయిందే!" అన్నాడు. "నువ్వొచ్చినప్పుడు మళ్ళీ చెప్పుకోరా, వింటుంది" అంది పిన్ని. ఆ మాట స్టీరియో గురించే అన్నదని వాడు అనుకున్నాడు.

ఇప్పుడు పదిహేను రోజులకోసారి, సోమవారం నాడు, ఒక డ్రైవరు వస్తాడు. పాలకొల్లులో క్షీరారామం ఉండనే ఉన్నా, అది ఇంటికి మరీ దగ్గర. బ్యాటరీకి గంట ప్రయాణం కావాలి కదా! అందుకని భీమవరం సోమారామానికి వెళ్ళి వస్తారు. పోనూ రానూ నలభై కిలోమీటర్ల పైమాటే. పుణ్యం పిన్నికి, చార్జింగు కారుకి. నాలుగేళ్ళుగా గుమ్మం దాటడానికే విసుక్కున్న మనిషి, రెండో సోమవారం వచ్చేసరికి తెల్లారకుండా తయారై కూర్చుంటోందని కూతురు చెప్పింది. మరి బ్యాటరీలు పస్తులుండి చెడతాయనే శాస్త్రం ఎంతవరకు వర్తిస్తుందో నేను చెప్పలేను. నేను మెకానిక్కుని కాను.

ఒకటి మాత్రం చెప్పగలను. ఆ తీగలు తగిలించినవాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఒకరు పాట పెట్టారు, ఒకరు కాపలా పెట్టారు, ఒకరు ముచ్చటపడ్డారు. అందరిదీ ప్రేమే. అందరూ తగిలించి వెళ్ళిపోయారు, ఎవరూ నడపలేదు. చివరికి బండి ఓపిక లేక పడిపోతే, అందరూ కలిసి దానికి వయసైపోయిందన్నారు.

మీ ఇంట్లోనూ ఇలా నిలబెట్టిన బండి ఏదైనా ఉంటే తూకానికి వేసేముందు ఒక్కసారి బానెట్టు ఎత్తి చూడండి. దాని మీద ఎవరెవరు కూర్చుని తింటున్నారో లెక్క వెయ్యండి. పక్కన టిక్కుటిక్కుమంటూ ఏదైనా వినిపిస్తే మాత్రం కంగారుపడి పీకెయ్యకండి. బహుశా అది ఏ పాపమూ ఎరగదు.